ఎడమకే తిరిగిన కారు

ఆటోనగర్‌లో ఖాలిక్ షాపుకి కారు తెచ్చినవాళ్ళు ముందు బానెట్ ఎత్తబోతారు. ఖాలిక్ ఎత్తనివ్వడు. స్టూలు చూపించి కూర్చోమంటాడు. టీ చెబుతాడు. ఆ టీ చల్లారేదాకా ప్రశ్నలు అడుగుతాడు. బండి ఎక్కడ పెడతారు, చెట్టు కిందా రేకుల కిందా, ఇంట్లో ఎలకలున్నాయా, పిల్లి ఉందా, ఉంటే అది ఎలకల్ని పడుతుందా లేక ఊరికే తిని పడుకుంటుందా. బండి స్టార్ట్ కావడం లేదని వచ్చిన మనిషి పిల్లి గుణగణాలు చెబుతూ కూర్చోవాలి. విసుక్కుని పక్క షాపుకి పోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో సగం మంది మళ్ళీ వచ్చారు. వచ్చినవాళ్ళు అడక్కుండానే పిల్లి సంగతి చెప్పారు.

బండికి నోరు లేదు, దాని యజమానికి ఉంది, కాబట్టి అడగాల్సింది అతన్నే అని ఖాలిక్ నమ్మకం. యాభై ఆరేళ్ళు వచ్చాయి. పుట్టిందీ పెరిగిందీ భవానీపురంలో. తండ్రి అబ్దుల్లా లారీ బ్యాటరీలు బాగుచేసేవాడు. ఏడో తరగతిలో మేష్టారిని బల్బు ఎందుకు వెలుగుతుందని అడిగితే ఆయన చెప్పాడు. మరి ఎందుకు ఆరుతుందని అడిగితే గోడకుర్చీ వేయించాడు. ఖాలిక్ ఆ సంవత్సరమే బడి మానేసి, ఎందుకు ఆరుతుందో తెలుసుకోవడానికి లారీల వైరింగు పనిలో చేరాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల ఫౌజియాని ఒక్క మాటా అడగలేదు. నెత్తిమీద ఫ్యాను ఎప్పటినుంచి కిర్రుమంటోందని కాబోయే మామగారిని పావుగంట అడిగాడు. ఆ సాయంత్రానికి ఫ్యానూ బాగయింది, సంబంధమూ ఖాయమయింది.

కార్లలోకి కంప్యూటర్లు వచ్చాక తోటివాళ్ళు చాలామంది ఈ పని వదిలేశారు. ఖాలిక్ వదల్లేదు. స్కానర్ కొన్నాడు. దాని తెరమీద వచ్చేదంతా ఇంగ్లీషు. కూతురు సల్మా ఒక పొడుగు నోటుబుక్కులో ఏ నంబరుకి ఏ జబ్బో తెలుగులో రాసిపెట్టింది. స్కానర్ నంబరు చెబుతుంది, నోటుబుక్కు జబ్బు చెబుతుంది, ఆ జబ్బు ఎందుకొచ్చిందో మాత్రం స్టూలు మీద కూర్చున్న మనిషి చెప్పాలి.

మార్చి నెలలో ఒక గురువారం పొద్దున ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. దిగిన మనిషి పేరు బసవయ్య. ఉయ్యూరు అవతల పల్లెలో రైతు. ఇస్త్రీ చొక్కా, అంచు పంచె. వెనక సీట్లోంచి ఆయన భార్య వెంకటరత్నమ్మ అన్నం క్యారేజీతో దిగింది. కారు సీట్లకి షోరూములో వేసిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉన్నాయి.

"ఏబీఎస్ అని పసుపు లైటు వెలుగుతోందండి. రేపు సాయంత్రానికల్లా ఆరిపోవాలి" అన్నాడు బసవయ్య.

"రేపేముందండీ?"

"మా అల్లుడుగారు రైలు దిగుతున్నారు. కారు ఆయనది."

అల్లుడి పేరు హర్షవర్ధన్, బ్యాంకులో ఉద్యోగం, గుణదలలో కాపురం. రెండు నెలల శిక్షణకని భోపాల్ వెళుతూ భార్య శ్రీదుర్గని వెంట తీసుకెళ్ళాడు. కారుని మాత్రం మామగారి షెడ్డులో పెట్టి వెళ్ళాడు. రెండు రోజులకోసారి స్టార్ట్ చెయ్యాలి, పది నిమిషాలు ఉంచాలి, ఆపెయ్యాలి అని కాగితం మీద రాసిచ్చాడు. పెళ్ళయి ఆరేళ్ళయినా ఆ అల్లుడు బసవయ్యని ఏదీ అడిగింది లేదు, ఏదీ అప్పగించింది లేదు. పండక్కి వస్తే పెట్టింది తిని, బాగుందని చెప్పి వెళ్ళేవాడు. ఇదే మొదటిసారి.

"తాళాలు నా చేతిలో పెట్టి, మావయ్యగారూ మీరున్నారుగా అన్నాడండి" అన్నాడు బసవయ్య.

ఖాలిక్ ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"కారు ఎక్కడెక్కడ తిప్పారు?"

"ఎక్కడికీ లేదండి. షెడ్డులోంచి బయటికి, బయటినుంచి షెడ్డులోకి."

"వానలో?"

"లేదు."

"మట్టిలో?"

"మట్టా! అల్లుడుగారి కారండీ!"

వెంకటరత్నమ్మ క్యారేజీ మూత సరిగ్గా ఉందో లేదో చూసుకుంది.

ఖాలిక్ గోనెపట్టా పరుచుకుని కారు కింద పడుకున్నాడు. కొంతసేపటికి కిందనుంచే అడిగాడు.

"అడుగున ఇంత శుభ్రంగా ఉందేమండీ?"

"వాటర్ సర్వీసు చేయించాను."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

"షెడ్డులోంచి బయటికొచ్చినందుకా?"

"శుభ్రంగా ఉంచడం కూడా తప్పేనా?"

"తప్పేం లేదండీ. పెళ్ళికొడుకు అరికాళ్ళు కూడా ఇంత శుభ్రంగా ఉండవు, అందుకని అడిగాను."

స్కానర్ తగిలిస్తే నంబరు వచ్చింది. వెనక ఎడమ చక్రం సెన్సారు అని నోటుబుక్కు చెప్పింది. అయితే ఆ సెన్సారు నిగనిగలాడుతూ కొత్తగా ఉంది. రెండు రోజుల క్రితమే వేరే చోట మార్పించాననీ, పది కిలోమీటర్లు పోగానే లైటు మళ్ళీ వచ్చిందనీ బసవయ్య అప్పుడు ఒప్పుకున్నాడు.

"ఖాలిక్‌గారూ, ఇంత శ్రమెందుకండీ. ఆ బల్బు పీకెయ్యండి" అన్నాడు.

"అది కుదరదు."

"బ్రేకులు పడుతున్నాయి కదండీ!"

"పడతాయి. నాలుగు చక్రాల దగ్గరా కబురు చెప్పేవాళ్ళు నలుగురున్నారు. నా చక్రం ఇంత వేగంగా తిరుగుతోంది అని ఎవడికి వాడు చెబుతుంటాడు. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు ఏ చక్రమైనా బిగుసుకుపోతే, ఆ కబురు విని బండి దాన్ని కాస్త వదులు చేస్తుంది. నలుగురిలో ఒకడు నోరు మూసుకున్నాడనుకోండి, మిగతా ముగ్గురి మాటా బండి నమ్మదు. ఇక మీరు వానలో కరకట్ట మీద బ్రేకు కొడితే బండి జారి కాలవ దాకా పోతుంది. అప్పుడు లైటు వెలుగుతోందో లేదో చూసుకునే తీరిక ఉండదు."

"నోరు మూసుకున్నాడన్నమాట" అంది వెంకటరత్నమ్మ, మొగుడి వైపు చూడకుండా.

ఖాలిక్ ప్లగ్గు విప్పి తుడిచి మళ్ళీ బిగించాడు. వైరు వేళ్ళతో తడిమి చూశాడు. పైన ఎక్కడా కోత లేదు, ఎలక కొరికిన గుర్తు లేదు. స్కానర్లో జబ్బు చెరిపేసి, బందరు రోడ్డు మీద తిన్నగా అటు నాలుగు కిలోమీటర్లు, ఇటు నాలుగు కిలోమీటర్లు నడిపి చూశాడు. లైటు రాలేదు. బసవయ్య దండం పెట్టి వెళ్ళిపోయాడు. గంటలో తిరిగొచ్చాడు. లైటు వెలుగుతోంది.

"ఎక్కడొచ్చింది?"

"కంకిపాడులో పెట్రోలు కొట్టిద్దామని తిప్పానండి. తిప్పగానే వచ్చింది."

"ఎటు తిప్పారు?"

"ఎడమకి."

ఖాలిక్ ఆ రాత్రి అన్నం తింటూ ఎడమ, ఎడమ అని రెండుసార్లు అన్నాడు. ఎడమచేత్తో తినమంటున్నాడా ఏమిటని అతని తల్లి మెహబూబ్ బీ కోప్పడింది.

మర్నాడు శుక్రవారం. బసవయ్య దంపతులు తొమ్మిదింటికే వచ్చేశారు. అదే సమయానికి పక్క షాపు జక్కయ్య టీకి వచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. జక్కయ్యది టైర్ల షాపు. మనిషి మొహం చూసేముందు అతని బండి టైర్లు చూస్తాడు. వంగి ముందు కుడి టైరుని అరచేత్తో నిమిరాడు.

"ఖాలిక్ భాయ్, ఈ బండి సర్కస్‌లో ఏమైనా చేస్తోందా?"

"ఏం?"

"చూడు. కుడి టైరు బయటి అంచు సానరాయిలా అరిగిపోయింది. ఎడమది కొత్తగా ఉంది. ఈ బండి రోజుల తరబడి ఎడమకే తిరిగింది. గుండ్రంగా."

ఖాలిక్ స్టూలు బసవయ్య ఎదురుగా జరుపుకుని కూర్చున్నాడు.

"గుండ్రంగా ఎక్కడ తిరిగారండీ?"

బసవయ్య కొంచెం ఆలోచించాడు. "బెంజి సర్కిల్ దగ్గరండి. దారి తెలియక రెండు మూడు చుట్లు తిరిగాను."

"సర్కిల్ చుట్టూ తిరిగితే బండి కుడికి తిరుగుతుందండి. ఇది ఎడమకి తిరిగింది."

"అయితే గుడి చుట్టూ. కొత్త బండి కదా అని ప్రదక్షిణం చేయించాను."

"ప్రదక్షిణమైనా కుడికేగా!" అన్నాడు జక్కయ్య. "ఎడమకి తిరిగితే పూజారిగారు కొట్టరూ?"

"ఎడమకి తిరిగేది నాకు తెలిసి ఒకటుంది" అన్నాడు ఖాలిక్. "మక్కాలో కాబా చుట్టూ. మా అమ్మ రెండేళ్ళ క్రితం వెళ్ళొచ్చింది. కానీ అక్కడికి మీ అల్లుడుగారి కారు వెళ్ళి ఉండదు."

"వెళ్ళలేదండి" అన్నాడు బసవయ్య నిజాయితీగా.

జక్కయ్య టైరు గాడిలో దేన్నో గోటితో గెలికి తీసి, వెలుతురుకి పట్టి చూసి, నోట్లో వేసుకుని కొరికాడు.

"మినపగింజ" అన్నాడు.

వెంకటరత్నమ్మ క్యారేజీ కింద పెట్టింది. "ఇంక చెప్పండి. గింజ కూడా సాక్ష్యానికొచ్చింది" అంది.

బసవయ్య చెప్పాడు. ఎకరంన్నర మినుము కోసి కుప్ప వేశాడు. నూర్పిడికి మాట్లాడుకున్న ట్రాక్టరు వేరేవాళ్ళ కళ్ళంలో ఇరుక్కుపోయింది. మిషను కోసం ఫోన్ చేస్తే రేపు అన్నారు. సముద్రం వైపు మబ్బు లేచింది. తడిస్తే మినుము బూజు పట్టి, మొలకలెత్తి, పశువుల దాణాకి కూడా పనికిరాదు. షెడ్డులో నాలుగు చక్రాల బండి ఊరికే ఉంది. పైగా ఆ రోజు దాన్ని స్టార్ట్ చెయ్యాల్సిన రోజు కూడా.

"పది నిమిషాలు ఉంచమని రాశారు. కళ్ళంలో ఉంచాను" అన్నాడు.

"పది నిమిషాలేనా?"

"రెండు రోజులు."

"ఎడమకేనా?"

"మా నాన్న ఎడ్లని ఎడమకే తిప్పేవాడండి. నేను ట్రాక్టరునీ ఎడమకే తిప్పాను. కుడికి తిప్పాలని తోచనే లేదు."

"కుప్ప తిరగేసింది ఎవరు?"

"నేనే" అంది వెంకటరత్నమ్మ. "ఈయన ఏసీ వేసుకుని కూర్చున్నాడు. నేను ఎండలో పంగలకర్ర పట్టుకున్నాను."

ఖాలిక్ మళ్ళీ కారు కిందికి దూరాడు. ఈసారి ఎక్కడ చూడాలో తెలుసు. మినప కట్టె తీగలా సాగుతుంది, తగిలినదానికల్లా చుట్టుకుంటుంది. వెనక చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇనప దూలానికి చుట్టుకుని, దాని పక్కనుంచి పోయే సన్నటి వైరుని పట్టి లాగి ఉంటుంది. నీళ్ళు కొట్టినప్పుడు కట్టె కొట్టుకుపోయింది, లాగిన లాగుడు మిగిలిపోయింది. కారు ఎడమకి తిరిగితే ఒళ్ళు కుడికి వాలుతుంది. ఎడమ పక్క పైకి లేచి ఆ వైరు సాగుతుంది. తిన్నగా పోతే సాగదు. అందుకే బందరు రోడ్డు మీద లైటు రాలేదు.

వైరుని బెత్తెడు బెత్తెడు చొప్పున పట్టుకుని మెల్లిగా లాగి చూసుకుంటూ వచ్చాడు. ఒకచోట అది రబ్బరులా సాగింది. బ్లేడుతో పై తొడుగు చీల్చాడు. పైన తొడుగు చెక్కుచెదరలేదు. లోపల రాగి తీగలన్నీ తెగిపోయి, ఒకదానికొకటి ముట్టీ ముట్టనట్టు ఉన్నాయి.

బసవయ్య కూడా వంగి చూశాడు. "పైకి ఏమీ లేదే!" అన్నాడు.

"పైకి ఏమీ ఉండదండి" అన్నాడు ఖాలిక్.

చెడ్డ ముక్క కోసేసి, అంత కొత్త వైరు వేసి, సోల్డరింగ్ చేసి, పైన స్లీవు ఎక్కించి వేడి చేశాడు. ఈసారి కాస్త వదులుగా వంపు ఉంచి క్లిప్పు వేశాడు. ఆ పని అయ్యేసరికి జుమ్మా నమాజు వేళయింది. నమాజు చేసుకుని వచ్చేసరికి దంపతులిద్దరూ క్యారేజీలో సగం అతనికి ఉంచారు. అది గోంగూర పప్పు. తిన్నాడు.

చేతులు కడుక్కుంటుంటే బసవయ్య పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ఖాలిక్‌గారూ, ఒక్క మాట. మా అల్లుడుగారికి ఈ సంగతి..."

"నేనుగా చెప్పను."

"మీ మేలు మరిచిపోను."

"అడిగితే మాత్రం అబద్ధం చెప్పనండి. రోజూ నేను అందరినీ నిజం చెప్పమని అడిగేవాణ్ణి. నేనే అబద్ధమాడితే ఇంక ఈ స్టూలు మీద ఎవర్ని కూర్చోబెట్టను?"

బసవయ్య మొహం వాడిపోయింది. ఆరేళ్ళకి చేతిలో పెట్టిన తాళాలు. రేపట్నుంచి అల్లుడు మళ్ళీ పెట్టింది తిని, బాగుందని చెప్పి వెళ్ళిపోతాడు. అంతే.

ఇక ఎడమకి తిప్పి చూడాలి. వెనక వీధిలో లారీలు నిలిపే ఖాళీ స్థలం ఉంది. బండి బసవయ్యే తోలాడు. ఖాలిక్ పక్క సీట్లో స్కానర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తెరమీద నాలుగు చక్రాల వేగమూ నాలుగు అంకెలు. ఒక చుట్టు, రెండు చుట్లు. నాలుగో అంకె పోలేదు. ఆరో చుట్టుకి బసవయ్య ఒళ్ళు మరిచిపోయాడు. స్టీరింగు ఒంటిచేత్తో పట్టుకుని, తల బయటపెట్టి, లేని కుప్ప అంచు చూసుకుంటూ నడుపుతున్నాడు.

"ఇంకొంచెం లోపలికి తిప్పండి, అంచున గింజ మిగిలిపోతోంది!" అని వెంకటరత్నమ్మ స్థలం పక్కనుంచి కేకేసింది.

పదకొండో చుట్టులో ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక యువకుడు సూట్‌కేసుతో దిగి, తన కారు ఖాళీ స్థలంలో గుండ్రంగా తిరుగుతుండటం చూశాడు. రైలు వేళకే వచ్చింది. శ్రీదుర్గని గుణదలలో దింపి, మావయ్య ఆటోనగర్‌లో ఉన్నారని ఆమె ఫోన్‌లో కనుక్కుని చెబితే తిన్నగా ఇటే వచ్చాడు. బసవయ్య బ్రేకు కొట్టాడు. బండి చక్కగా ఆగింది.

"ఏమైందండీ?" అని హర్షవర్ధన్ ఖాలిక్‌ని అడిగాడు.

"వెనక ఎడమ చక్రం సెన్సారు వైరు లోపల తెగిందండి. అతికాను. ఇప్పుడు బాగుంది."

"ఎందుకు తెగింది?"

ఖాలిక్ స్కానర్ వైరు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టడానికి అది ఎక్కువ పొడుగు లేదు. చుట్టడం అయిపోయింది. మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టాడు. హర్షవర్ధన్ ఎదురుచూస్తున్నాడు. ఖాలిక్ నోరు తెరవబోయాడు.

"నేనే బాబూ" అన్నాడు బసవయ్య. కారు దిగి, తాళాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "మినుము తొక్కించాను. మీ కారుతో. రెండు రోజులు."

హర్షవర్ధన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"మినుములు తొక్కించారా?"

"మబ్బేసింది బాబూ. ట్రాక్టరు రాలేదు."

"వాన పడిందా?"

"మూటలు లోపల వేసిన గంటకి పడింది. రోడ్డు మీద ఆరబోసినవాళ్ళవి కొట్టుకుపోయాయి."

"మనవి?"

"పన్నెండు బస్తాలు. పొడిగా ఉన్నాయి."

"నాకు ఫోన్ చెయ్యాల్సింది మావయ్యగారూ."

"చేస్తే వద్దనేవారు కదా."

హర్షవర్ధన్ ఆలోచించాడు. "వద్దనేవాణ్ణే" అన్నాడు.

జక్కయ్య దూరంగా నిలబడి, వినడం లేదన్నట్టు ఒక టైరుని గాలి లేకపోయినా తట్టి చూస్తున్నాడు.

"ఏ గేరులో తొక్కించారు?" అన్నాడు హర్షవర్ధన్.

"రెండో గేరు బాబూ. క్లచ్ మీద కాలు ఆనించలేదు, ఒట్టు. అంచుకొచ్చినప్పుడు ఒక్కసారి మొదటి గేరు."

"వేడెక్కలేదా?"

"ఎక్కనిచ్చేదాన్ని కాదు" అంది వెంకటరత్నమ్మ దగ్గరికొచ్చి. "గంటకోసారి ఆపించి, మజ్జిగ తాగే దాకా కదలనిచ్చేదాన్ని కాదు."

"ఎవరు తాగే దాకా అత్తయ్యగారూ?"

"ఈయన. కారుకి నీళ్ళు చూసేవాణ్ణి అంటున్నాడు, నేను చూడలేదు."

"చూశాను" అన్నాడు బసవయ్య. "రెండుసార్లు."

హర్షవర్ధన్ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి కుడి టైరు చూశాడు, ఎడమ టైరు చూశాడు. బసవయ్య తాళాలు ముందుకు చాచాడు. చెయ్యి చాచిన మనిషి చాచినట్టే ఉండిపోయాడు, ఎందుకంటే అల్లుడు సూట్‌కేసు వెనక పెట్టి, కవరు చప్పుడయ్యేలా ముందు ఎడమ సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

"పదండి, అమ్మాయిని ఎక్కించుకుని ఊరికెళదాం" అన్నాడు. "ఆ కళ్ళం నాకు చూపించండి."

కారు వీధి చివర ఎడమకి తిరిగింది. ఖాలిక్ రోడ్డు మధ్యలో నిలబడి చూశాడు. కారు ఆగలేదు. జక్కయ్య వచ్చి, మళ్ళీ తిరిగొస్తుందా రాదా, పందెం ఎంత అన్నాడు. ఖాలిక్ లోపలికొచ్చి ఒక వ్యాను బానెట్ తెరిచాడు, మూశాడు, మళ్ళీ గేటు దాకా వెళ్ళి చూసి వచ్చాడు. నిన్న గంటలో తిరిగొచ్చిన కారు ఈ రోజు గంటన్నరయినా రాలేదు.

సాయంత్రం ఆరింటికి ఫోన్ మోగింది. వెంకటరత్నమ్మ.

"ఖాలిక్‌గారా? ఉయ్యూరు దాటామండి. ఎడమకి నాలుగుసార్లు తిరిగాం, పెట్రోలు బంకుకి కూడా కావాలని తిరిగాం. లైటు రాలేదు."

"బండి ఎవరు తోలుతున్నారమ్మా?"

"మా ఆయనే."

"మరి అల్లుడుగారు?"

"కొంచెం మెల్లిగా మాట్లాడండి బాబూ" అంది ఆవిడ. "పక్క సీట్లో నిద్రపోతున్నారు."